చీకటి గదిలో చదువు

జొన్నరొట్టె తట్టడం పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్ళు మా ఆలూరు వైపు కనిపించరు. నీళ్ళు ఎంత మరగాలో, అంచు విరగకుండా చెయ్యి ఎలా తిప్పాలో పెద్దావిడ పక్కనుండి చూపించాల్సిందే. ఫోటో తియ్యడం కూడా చాలాకాలం అలాంటి విద్యే. ఇప్పుడంటే పసిపిల్లలు సైతం ఫోనెత్తి టక్కున తీసేస్తున్నారు గానీ, పూర్వం ఒక మాస్టారి వెంట తిరగనిదే పట్టుబడేది కాదు.

ఆలూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది గానీ 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోది. హంపీ కూడా 2021 దాకా ఆ జిల్లాదే కదా! 1856 ప్రాంతంలో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీ శిథిలాలను పెద్ద పెద్ద కాగితపు నెగటివుల మీదికి ఎక్కించాడు. అప్పటికే గాజుపలకల పద్ధతి వచ్చింది. కానీ పలక మీద పూసిన మందు తడి ఆరకముందే ఫోటో తీసి కడిగెయ్యాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి! కాగితమైతే ముందే సిద్ధం చేసుకుని పట్టుకెళ్ళొచ్చు. ఆయన తీసిన ఫోటోలో విఠలాలయం రాతిరథం మీద ఇటుకల గోపురం కనిపిస్తుంది. ఇవాళ వెళ్ళి చూస్తే అది లేదు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చి గ్రీన్‌లా నిలబడ్డ చోట్లనే నిలబడి మళ్ళీ ఫోటోలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె కలుక్కుమంటుంది.

ఆ రోజుల్లోనే మద్రాసులో డాక్టర్ హంటర్ పెట్టిన ఆర్ట్స్ స్కూల్లో ఫోటోగ్రఫీ నేర్పడం మొదలైంది. ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ లినియస్ ట్రైప్ 1858లో అమరావతి శిల్పాలకు ఫోటోలు తీశాడు. అయ్యసామి అనే మనవాడు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. రెండేళ్ళు తిరక్కుండానే, ఇంత ఖర్చు దేనికని దొరలు ఆ ఉద్యోగమే ఎత్తేశారనుకోండి.

నేర్పేది కెమెరా ఒక్కటేనా? అసలు చదువంతా డార్క్ రూమ్‌లో. కాగితం మీద బొమ్మ తేలడం ఎర్రదీపం వెలుగులో కనిపెట్టాలి, సరిగ్గా ఆ క్షణాన తీసి హైపోలో వెయ్యాలి. ఫిల్ము కడిగేటప్పుడైతే ఆ ఎర్రదీపం కూడా పనికిరాదు, చేతివేళ్ళే కళ్ళు. నీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీది పూత మెత్తబడి ఊడిపోతుంది. కూజా నీళ్ళు, రాత్రివేళ చల్లదనం, ఇవే మన ప్రాంతానికి శరణ్యం. ఇదంతా మాస్టారి భుజం పక్కన నిలబడి నేర్చుకోవాలి.

చిక్కంతా అక్కడే. తలుపు బిగించిన చీకటి గదిలోకి, పరాయి మగవాడి దగ్గరికి, ఏ తల్లి పిల్లని పంపుతుంది?

నేర్చుకోవడం దాకా ఎందుకు, ఫోటో తీయించుకోవడమే గండం. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ ఈ సంగతి గ్రహించి 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, నడిపేది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. ఘోషా స్త్రీలు ధైర్యంగా ముసుగు తీసి కూర్చోగలిగారంటే, కెమెరా వెనక కూడా ఆడదే ఉండబట్టి కదూ! స్టూడియో పేరు మాత్రం దయాళ్‌దే.

పేరు సంగతి వచ్చింది గనక హోమాయ్ వ్యారావాలా గురించి చెప్పాలి. 1913లో నవసారిలో పుట్టిన పార్సీ పిల్ల. బొంబాయిలో చదువుకుంటూ మానెక్‌షా దగ్గర కెమెరా నేర్చుకుంది, తర్వాత ఆయన్నే పెళ్ళాడింది. ఆ గురువు దొరక్కపోతే ఆమెకి డార్క్ రూమ్ తలుపు తెరుచుకునేదా అని నాకు అనుమానమే. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు పత్రికల్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడపేరుంటే ఎవరు లెక్కచేస్తారనుకునే రోజులవి. 1947 ఆగస్టులో ఢిల్లీ వేడుకలనూ, మరుసటి ఏడు గాంధీగారి అంతిమయాత్రనూ ఫోటోలు తీసిన మనిషి ఆవిడే. చీర కట్టుకుని, బరువైన కెమెరా భుజాన వేసుకుని, మగవాళ్ళ గుంపులో తోసుకుంటూ తిరిగేది. 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో. అప్పటికి ఆవిడకి తొంభై ఏడేళ్ళు.