మరమ్మతు బల్ల మీద ఎదిగిన వాద్యం: బాస్ గిటార్ మార్పులు, మరమ్మతుల చరిత్ర

బాస్ గిటార్‌ను ఇంటింటికీ చేర్చిన లియో ఫెండర్ వాద్యకారుడు కాడు, రేడియోలు బాగుచేసేవాడు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో అతను ఫెండర్ రేడియో సర్వీస్ అనే కొట్టు తెరిచాడు. రేడియోలు, యాంప్లిఫయర్లు, మైకుసెట్లు అక్కడికి మరమ్మతుకు వచ్చేవి. ఏ వస్తువునైనా విప్పి, పాడైన భాగం తీసేసి, కొత్తది వేసి బిగించగలగాలన్న పట్టుదల అతనికి ఆ కొట్టులోనే అబ్బింది. 1951 చివర్లో అతను విడుదల చేసిన ప్రెసిషన్ బాస్‌లో ఆ పట్టుదల అణువణువునా కనిపిస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో ఈ వాద్యంలో వచ్చిన ముఖ్యమైన మార్పులు చాలావరకు ముందు వాయించేవాళ్ల చేతుల్లో, మరమ్మతు బల్లల మీద పుట్టి, ఆ తర్వాతే ఫ్యాక్టరీలకు చేరాయి. విప్పడానికి వీలుగా పుట్టిన వాద్యం కాబట్టే అది సాధ్యపడింది.

నాలుగు స్క్రూల నెక్

అంతకుముందు వాద్యబృందాల్లో మంద్రస్వరాల బాధ్యత డబుల్ బాస్‌ది. మనిషెత్తు వాద్యం, మోసుకు తిరగడం కష్టం, డ్రమ్ములూ బాకాల హోరులో వినబడేదీ కాదు. 1930ల మధ్యలో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఆడియోవాక్స్ 736 పేరుతో అడ్డంగా పట్టుకుని వాయించే విద్యుత్ బాస్‌ను తయారుచేశాడు. అది కొద్దిమందికే చేరి ఆగిపోయింది. ఫెండర్ బాస్ మాత్రం నిలబడింది.

ప్రెసిషన్ బాస్ శరీరం యాష్ చెక్క పలక, నెక్ మేపుల్ చెక్క. తీగ మోగే పొడవు 34 అంగుళాలు, మెట్లు 20. అసలు విశేషం నెక్‌ను అతికించిన తీరులో ఉంది. గిబ్సన్, హాఫ్నర్ వంటి కంపెనీలు వయొలిన్ సంప్రదాయంలో నెక్‌ను జిగురుతో కలిపేవి. అక్కడ నెక్ వంకరపోతే కీలులోకి ఆవిరి పట్టించి, జిగురు కరిగించి, ఓపికగా ఊడదీయాలి. ఫెండర్ బాస్‌లో నాలుగు స్క్రూలు తిప్పితే నెక్ చేతిలోకి వస్తుంది. తీగ మోతను పట్టే పికప్, బటన్లు, వైర్లు కూడా పైన బిగించిన పలకలు తీస్తే చాలు, అందుబాటులో ఉంటాయి.

తొలి సవరణ తయారీదారే చేసుకున్నాడు. 1951 నాటి బ్రిడ్జి, అంటే శరీరం మీద తీగలు ఆనే భాగంలో, నాలుగు తీగలకూ కలిపి రెండే ఆధారాలు ఉండేవి. ఒక్కో తీగ మందం వేరు కాబట్టి, సరైన శ్రుతి కోసం ఒక్కోదాని పొడవూ కొద్దిగా వేరుగా ఉండాలి. రెండు తీగలకు ఒకే ఆధారమైతే ఒకటి కుదిరినప్పుడు రెండోది తప్పుతుంది. 1957లో ఫెండర్ నాలుగు తీగలకూ నాలుగు ఆధారాలు పెట్టాడు. ఒకే చుట్టగా ఉన్న పికప్‌ను రెండు ముక్కలు చేసి, కరెంటు నుంచి వచ్చే హోరును ఒకదానికొకటి రద్దుచేసుకునేలా ఎదురెదురు దిశల్లో కలిపాడు. 1960లో సన్నటి నెక్, రెండు పికప్‌లతో జాజ్ బాస్ వచ్చింది. ఆ తర్వాతి మార్పుల చరిత్ర చాలావరకు ఈ రెండు నమూనాల చుట్టూనే తిరిగింది.

సెటప్ పని

బాస్ గిటార్ మరమ్మతులో రోజూ జరిగే పని సెటప్. శ్రుతి చేసిన నాలుగు తీగలు కలిసి నెక్‌ను దాదాపు 70-80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు చెక్క ముందుకు వంగకుండా లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. బిగించి వదులు చేయగల ఇలాంటి కడ్డీకి గిబ్సన్ కంపెనీ 1923లో పేటెంటు పొందింది. పాత ఫెండర్ బాస్‌లలో ఆ కడ్డీ మర శరీరం వైపున్న చివర దాక్కుని ఉంటుంది. దాన్ని తిప్పాలంటే తీగలు వదులు చేసి, నెక్ ఊడదీసి, పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించి, శ్రుతి చేసి చూడాలి. చాలకపోతే మొత్తం మళ్లీ మొదలు. పని తెలిసినవాళ్లు ఒక్కసారిగా పావు చుట్టుకు మించి తిప్పరు, ఎందుకంటే కడ్డీ తెగితే నెక్ చేజారినట్టే.

నెక్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తీగనే కొలబద్దగా వాడతారు. మొదటి మెట్టు దగ్గర ఒక వేలితో, చివరి మెట్టు దగ్గర ఇంకో వేలితో నొక్కితే తీగ నిటారుగా నిలుస్తుంది. మధ్యలోని మెట్టుకూ తీగకూ నడుమ చిన్న సందు కనబడాలి, మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ. అసలు సందు లేకపోతే తీగ మెట్లకు తగిలి జరజరలాడుతుంది, ఎక్కువైతే వేళ్లకు బరువవుతుంది. ఆ తర్వాతే బ్రిడ్జి ఎత్తు, నెక్ చివర తీగలు కూర్చునే నట్ గాడుల లోతు, ఒక్కో తీగ పొడవు సరిచూస్తారు. నెక్ కూర్చునే గుంటలో సన్నటి అట్టముక్క పెట్టి దాని వాలు మార్చడం కూడా ఫెండర్ ఫ్యాక్టరీలో వాడుకలో ఉన్న పద్ధతే.

తీగలు మారితే మెట్లు అరిగాయి

1960ల మొదట్లో బాస్ తీగల మీద చదునైన లోహపు పట్టీ చుట్టేవాళ్లు. వాటి నాదం గుండ్రంగా, మెత్తగా ఉండేది. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో వందల పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌కు అలాంటి మందపాటి తీగలే వేశాడు. తెగితే తప్ప మార్చేవాడు కాడు. బ్రిడ్జి మూత కింద ఉన్న స్పాంజి తీగ మోతను తొందరగా ఆపేది. లాస్ ఏంజిలిస్‌లో కరోల్ కే బ్రిడ్జి దగ్గర తీగల మీద ఫెల్ట్ గుడ్డ ముక్క ఆన్చి ఇంచుమించు అదే ఫలితం సాధించింది. పైసా ఖర్చులేని ఈ సవరణలే ఒక తరం అమెరికన్ పాటలకు బాస్ నాదాన్ని నిర్ణయించాయి.

ఇంగ్లండులో 'ది హూ' బృందానికి చెందిన జాన్ ఎంట్‌విజిల్‌కు కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. పియానో అడుగు తీగల్లాగా ఖంగుమనే నాదం కోసం 1966లో అతను రోటోసౌండ్ కంపెనీ అధిపతి జేమ్స్ హౌతో కలిసి పనిచేశాడు. గుండ్రటి తీగ చుట్టిన స్వింగ్ బాస్ తీగలు అలా వచ్చాయి. మరుసటి ఏడాది ఎంట్‌విజిల్ అయిదు బాస్‌ల శకలాల నుంచి పనికొచ్చే భాగాలు ఏరి ఒకే వాద్యంగా బిగించి, దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ చేతికొస్తే వాయించేవాడే కొత్త వాద్యాన్ని కూర్చుకోగలడని ఆ బాస్ చాటింది.

గుండ్రటి చుట్టు తీగలు ఆకురాయిలా మెట్లను కోసేస్తాయి. దాంతో మరమ్మతు కొట్లకు కొత్త పని పెరిగింది. కొద్దిగా అరిగితే మెట్ల నెత్తికి రంగు పూసి, చదునైన దిమ్మెకు ఉప్పుకాగితం అంటించి అన్నిటినీ ఒకే ఎత్తుకు రుద్దుతారు. రంగు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. తర్వాత ఒక్కో మెట్టును ఆకురాయితో మళ్లీ గుండ్రంగా చేసి మెరుగు పెడతారు. బాగా అరిగితే మెట్లన్నీ మార్చాల్సిందే. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి, మైనం కరిగించి మెట్లను మళ్లీ అమర్చవచ్చు. గిటార్ మెట్టుకు కింద ముళ్లున్న తోక ఉంటుంది, అది చెక్క గాడిలో బిగుసుకుపోతుంది. వేడిచేసి, చెక్క పెచ్చు లేవకుండా పటకారతో మెల్లగా పైకి తీయడమే ఈ వృత్తిలో చేతి నేర్పుకు గీటురాయి.

మెట్లు పీకేసినవాళ్లు

మెట్లు మార్చే క్రమంలోనే అసలు మెట్లు లేని బాస్ పుట్టింది. 1961లో లండన్‌లో బిల్ వైమన్ పాత డల్లాస్ టక్సీడో బాస్ ఒకటి చౌకగా కొన్నాడు. అప్పటికింకా అతను రోలింగ్ స్టోన్స్‌లో చేరలేదు. శరీరం అంచులు కోసి చిన్నది చేశాడు, కొత్తవి వేద్దామని అరిగిన మెట్లు పీకేశాడు. తీరా వాయించి చూస్తే మెట్లు లేకుండానే నాదం బాగుంది, అలాగే ఉంచేశాడు. ఫ్యాక్టరీలో తయారైన తొలి మెట్లులేని బాస్, యాంపెగ్ కంపెనీ ఏయూబీ-1, 1966లో గానీ రాలేదు. ఫెండర్ 1970 దాకా ఆగింది.

ఈ మార్పుకు ప్రపంచఖ్యాతి తెచ్చింది ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్. అతని 1962 జాజ్ బాస్‌కు మెట్లు తీసేసి, ఖాళీ గాడుల్లో చెక్క లప్పం నింపారు. గుండ్రటి చుట్టు తీగలు వట్టి చెక్కను తినేస్తాయి కాబట్టి, దాని మీద పడవలకు పూసే ఎపాక్సీని పొరలు పొరలుగా పట్టించారు. గాజులా గట్టిపడిన ఆ పూత చెక్కను కాపాడడమే కాక, తీగ నాదానికి పాడే గొంతులాంటి నిలకడ ఇచ్చింది. 1976లో వచ్చిన జాకో తొలి ఆల్బమ్ తర్వాత ఎందరో వాయిద్యకారులు తమ బాస్‌ల మెట్లు తీయించుకోవడానికి వరుసకట్టారు. తీసివేత తేలికే. పల్లాలు లేని చదునైన ఉపరితలం తేవడమే కష్టం, ఎందుకంటే మెట్లు లేనప్పుడు చెక్కలోని ప్రతి ఎగుడుదిగుడూ చెవికి తెలిసిపోతుంది.

లోపలి వైర్లు, బయటి భాగాలు

శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ 1969లో అలెంబిక్ కంపెనీ ఏర్పడింది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ రాన్ వికర్‌షామ్, వాద్యాలు చేసే రిక్ టర్నర్ అందులో ముఖ్యులు. బాస్ వాయించే ఫిల్ లెష్, జాక్ కాసడీల గిల్డ్ స్టార్‌ఫైర్ బాస్‌లలో పాత పికప్‌లు తీసి, కొత్త పికప్‌లు, వాద్యంలోనే ఇమిడే చిన్న ప్రీయాంప్ అమర్చారు. పొడవైన కేబుల్‌లో పదును పోగొట్టుకునే సంకేతం ఇప్పుడు బలంగా బయటకు వచ్చేది. ఇతరుల వాద్యాలు మార్చి నేర్చిన పాఠాలతో 1972 నాటికి అలెంబిక్ సొంత బాస్‌లు చేసింది. లియో ఫెండర్ 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీకి రూపొందించిన స్టింగ్‌రే బాస్‌లో బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ మామూలు ఫ్యాక్టరీ సరుకైపోయింది.

అంతకుముందే ఫెండర్ కంపెనీ చేతులు మారింది. 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ దాన్ని 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. 1970ల మధ్యలో జాజ్ బాస్ నెక్‌ను నాలుగు స్క్రూలకు బదులు మూడింటితో బిగించడం మొదలైంది. గుంట కొలత కాస్త వదులైతే నెక్ పక్కకు జరిగేది. కొన్న వాద్యాన్ని సరిచేయించుకోవాల్సిన అవసరం ఓ విడిభాగాల మార్కెట్‌ను పెంచింది. 1972లో మొదలైన డిమార్జియో కొత్త పికప్‌లు అమ్మింది. వంచిన రేకు బ్రిడ్జి స్థానంలో బరువైన బ్యాడాస్ బ్రిడ్జి వచ్చింది.

1979లో రోజర్ సడౌస్కీ న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో కొట్టు తెరిచాడు. బాస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్‌కు చెందిన 1977 జాజ్ బాస్‌కు అతను ప్రీయాంప్, బ్యాడాస్ బ్రిడ్జి అమర్చాడు. ఆ బాస్ నాదం 1980ల రికార్డుల్లో మార్మోగింది. స్టూడియోల్లో పనిచేసేవాళ్లకు హోరు లేని వాద్యం కావాలి. అందుకే లోపలి గుంటలకు రాగిరేకు అంటించడం, ఎర్త్ వైర్లు సరిచేయడం కొట్టుకు రోజువారీ పనులయ్యాయి. చివరికి మార్చిన ఫెండర్ల అనుభవంతో సడౌస్కీ తన పేరుతోనే బాస్‌లు చేశాడు.

అదే నగరంలో ఆంథొనీ జాక్సన్ కోరిక మీద కార్ల్ థామ్సన్ 1975లో ఆరు తీగల బాస్ చేశాడు. కింద బి, పైన సి తీగలు చేరాయి. ఆరో తీగ దాకా వెళ్లనివాళ్లు ఉన్న నాలుగు తీగల బాస్‌కే నట్ గాడులు వెడల్పు చేయించి, మందపు తీగలు వేసి, శ్రుతి దించుకున్నారు. మీట తిప్పగానే ఇ తీగను డికి దించే హిప్‌షాట్ ట్యూనర్ కూడా అదే అవసరం నుంచి వచ్చింది. కొత్త రంధ్రం వేయకుండా పాత ట్యూనర్ స్థానంలోనే బిగించగలగడం దాని సుగుణం.

పాతదనానికి విలువ

1980ల నుంచి 1965కు ముందు నాటి ఫెండర్లు అపురూప వస్తువులయ్యాయి. ఒకప్పుడు మెరుగుపరచడానికి వేసిన ప్రతి రంధ్రం ఇప్పుడు ధర తగ్గించేదే. దాంతో మరమ్మతుదారుడి పాత్ర మారింది. కొత్తది చేర్చడం కన్నా ఉన్నదాన్ని కాపాడడం, పోయినదాన్ని తిరిగి కూర్చడం ముఖ్యమైంది. వాద్యం వయసు తేల్చే బాధ్యత కూడా అతనిదే. ఉదాహరణకు శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్యూమ్ పాట్ వెనక 304 6218 అని ఉంటే, 304 స్టాక్‌పోల్ కంపెనీ గుర్తు, 62 సంవత్సరం, 18 వారం. అంటే 1962లో 18వ వారం తర్వాతే ఆ పాట్ వాద్యంలో చేరింది. టంకం ఎవరూ కదపకుండా ఉంటే వాద్యం వయసుకు అది గట్టి ఆధారం.

చెక్క విషయంలో ఈ వృత్తికి దక్షిణ భారతంతో సంబంధం ఉంది. ఫింగర్‌బోర్డులకు మొదట వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, 1960ల చివరినాటికి మన అడవుల్లో పెరిగే రోజ్‌వుడ్, అంటే ఇరుగుడు, ఆ స్థానం తీసుకుంది. 1992లో బ్రెజిల్ రకం అంతర్జాతీయ వ్యాపారం దాదాపు నిషిద్ధమైంది. 2017లో ఆ జాతిలోని మిగతా చెట్లన్నిటి కలప మీదా ఆంక్షలు వచ్చాయి. ఆ మిగతా రకాలతో తయారైన వాద్యాలకు, వాటి విడిభాగాలకు 2019లో మినహాయింపు దొరికింది.

ప్రసిద్ధమైన రెండు బాస్‌లు మరమ్మతుల వల్లే నేటికీ మిగిలాయి. ముక్కలైన జాకో బాస్‌ను మళ్లీ అతికించి వాయించదగ్గ స్థితికి తెచ్చారు. 1986లో అది న్యూయార్క్‌లో దొంగల పాలై, ఇరవై ఏళ్ల తర్వాత బయటపడింది, మెటాలికా బృందపు రాబర్ట్ ట్రుహీయో సాయంతో కుటుంబానికి చేరువైంది. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బాస్ 1964లో కొత్త రంగు వేయించుకుని, 1972లో చోరీకి గురైంది. అది తిరిగి దొరికినట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. బాగుచేయించాక అదే ఏడాది డిసెంబరులో లండన్ వేదిక మీద అతను దాన్ని మళ్లీ వాయించాడు.

ఒకప్పుడు చూసి నేర్చుకోవడమే మార్గమైన ఈ పనికి ఇప్పుడు బడులున్నాయి. అమెరికాలోని ఫీనిక్స్‌లో రాబర్టో-వెన్ పాఠశాల 1975 నుంచి నేర్పుతోంది. ఓహాయోలోని స్టూవర్ట్-మెక్‌డొనాల్డ్ కంపెనీ 1968 నుంచి పనిముట్లు, భాగాలు అమ్ముతోంది. బెర్లిన్‌లో రూపొందిన ప్లెక్ యంత్రం తీగల లాగుడులో ఉన్న నెక్‌ను కొలిచి, మెట్లను తానే చెక్కుతుంది. అయినా నెక్ ఊడదీయడానికి తిప్పాల్సినవి ఇప్పటికీ ఆ స్క్రూలే. ఫెండర్ 1951లో ఎంచుకున్న ఆ పద్ధతిని ప్రపంచంలో బాస్ గిటార్లు చేసే కంపెనీలు చాలావరకు కొనసాగిస్తున్నాయి. అందువల్ల ఈ వాద్యంలో మార్పు చేసే వీలు తయారీదారు దగ్గరే ఆగిపోకుండా, వాయించేవాళ్లకూ మరమ్మతు చేసేవాళ్లకూ దక్కుతూ వచ్చింది.