గేట్ జనరల్ ఆప్టిట్యూడ్

ఇంజనీరింగ్ పట్టభద్రులు రాసే గేట్ పరీక్షలో అన్ని పేపర్లకూ ఉమ్మడిగా ఉండే విభాగం జనరల్ ఆప్టిట్యూడ్. మొత్తం 100 మార్కుల్లో దీని వాటా 15. ఒక మార్కు ప్రశ్నలు 5, రెండు మార్కుల ప్రశ్నలు 5. ఇంగ్లీషు భాషా సామర్థ్యం, అంకగణితం, తర్కం, ఆకృతుల ఊహ ఇందులోని అంశాలు. వీటిలో చాలావాటికి బడి లెక్కలే చాలు. అయినా మార్కులు పోతున్నాయంటే, లోపం చదువులో కన్నా ప్రశ్నను చదివే తీరులో ఉందనుకోవాలి. 120 కిలోమీటర్లు గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లి, 60 కి.మీ. వేగంతో తిరిగొస్తే సగటు వేగం 50 అనిపిస్తుంది. కానీ వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు పట్టింది; 240 కిలోమీటర్లకు 5 గంటలు కనుక సగటు 48. తొందరపాటుకు ఇక్కడ మూల్యం కూడా ఉంది: ఒకే సరైన జవాబుండే బహుళైచ్ఛిక ప్రశ్నలో తప్పు గుర్తిస్తే, ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది.

సూత్రాలు బట్టీపడితే సరిపోతుందన్న వాదన ఉంది. సూత్రం వేగాన్ని ఇస్తుంది, నిజమే; అది ఎక్కడ వర్తిస్తుందో మాత్రం చెప్పదు. పై లెక్కలో వెళ్లిన దూరం, వచ్చిన దూరం వేరైతే 48 చెల్లదు. తర్కం పుట్టుకతో రావాలనడమూ అంతే. ‘ఇంజనీర్లందరూ పట్టభద్రులు, కొందరు పట్టభద్రులు రచయితలు’ అన్నంత మాత్రాన కొందరు ఇంజనీర్లు రచయితలని తేలదు. మూడు వృత్తాలు గీసి చూసే అలవాటు ఎవరికైనా అబ్బుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు అదనపు భారమన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అయినా ఏ మాధ్యమంవారికైనా, సాధనలో చేసిన లెక్కల సంఖ్య కన్నా, చేసిన ప్రతి తప్పుకూ కారణం రాసుకోవడం ముఖ్యం.