చర్మంపై చదివిన వ్యాధి: బాలల క్షయ నిర్ధారణ చరిత్ర – ఒక పరిశీలన

క్షయ అనే పదానికి తరుగుదల అని అర్థం. రోగి శరీరం కరిగిపోవడాన్ని చూసి పెట్టిన పేరది. చరక సంహిత రాజయక్ష్మకు చెప్పిన నాలుగు కారణాలు శక్తికి మించిన శ్రమ, వేగాలను నిరోధించడం, ధాతుక్షయం, విషమ భోజనం. వీటిలో అధికభాగం వయోజన జీవితానికి చెందినవే. రోహిణిపై మితిమీరిన అనురక్తి వల్ల చంద్రుడు క్షీణించాడన్న పురాణగాథ కూడా ఆ దిశగానే నడుస్తుంది. పేరులోనూ కథలోనూ పెద్దవారే కనిపించే ఈ వ్యాధిని పిల్లలలో ఎలా గుర్తించారన్నది విడిగా పరిశీలించదగిన అంశం.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ క్షయకారక క్రిమిని ప్రకటించాడు. అటు తరువాత కఫంలో ఆ క్రిమిని చూపడమే నిర్ధారణకు ప్రమాణమైంది. పసిపిల్లల విషయంలో ఆ ప్రమాణం నిలవలేదు. వారు కఫాన్ని ఉమ్మరు, మింగుతారు. పైగా వారి ఊపిరితిత్తులలో క్రిముల సంఖ్య పెద్దల కంటే చాలా తక్కువ. మింగిన కఫాన్ని కడుపులోంచి గొట్టంతో తీసి పరీక్షించే పద్ధతిని 1898లో ఫ్రెంచి వైద్యుడు హెన్రీ మ్యూనియే సూచించాడు. ఉపాయం సరైనదే గాని బిడ్డకు అది బాధాకరం, ఫలితమూ అంతంతమాత్రమే.

అసలు మలుపు వియన్నాలో వచ్చింది. కాఖ్ 1890లో ఔషధంగా ప్రకటించిన ట్యుబర్క్యులిన్ చికిత్సలో ఘోరంగా విఫలమైంది. అదే ద్రవాన్ని బాలవైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1907లో వేరొక పనికి వాడాడు. ముంజేతి చర్మంపై చిన్న గీటు పెట్టి దానిని అంటించేవాడు. క్రిమి అదివరకే శరీరంలో చేరి ఉంటే ఒకటి రెండు రోజులలో అక్కడ ఎర్రని వాపు లేచేది. అంతకు ముందటి ఏడాదే ‘అలర్జీ’ అనే మాటను సృష్టించినవాడు ఆయనే. 1908లో షార్ల్ మాంటూ చర్మపు పొరలోనికి సూదితో ఎక్కించే పద్ధతిని తెచ్చాడు. నేటికీ నిలిచినది అదే. వియన్నాలోని పేద కుటుంబాల పిల్లలలో కౌమారం నాటికి అత్యధికులకు ఈ వాపు కనిపించింది. వారిలో చాలామంది ఆడుతూ పాడుతూ తిరుగుతున్నవారే!

ఇక్కడ తెలుగులోని ఒక మాట ప్రస్తావనార్హం. గాలి సోకింది, దయ్యం సోకింది అంటాం. తాకడం వేరు, పడిపోవడం వేరు అన్న ఎరుక ఆ వాడుకలో ఉంది. పిర్కే గీటు చూపినది సోకడాన్నే, వ్యాధిని కాదు. ఈ భేదం స్పష్టపడటంతో వైద్యుని ముందు కొత్త ప్రశ్న నిలిచింది: సోకిన ఇందరిలో జబ్బుపడబోయేది ఎవరు?

ఆంటన్ గాన్ 1912లో ప్రచురించిన గ్రంథం దీనికి మృతదేహాలలో సమాధానం వెతికింది. మరణించిన 184 మంది పిల్లలను పరీక్షించి, ఊపిరితిత్తిలో తొలి మచ్చను, దానికి అనుబంధంగా ఉబ్బిన గ్రంథులను ఆయన వర్ణించాడు. ఎక్స్‌రే చిత్రంలోని నీడలను చదవడానికి ఈ వర్ణన ఆధారమైంది.

1930లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో 251 మంది శిశువులకు నోటి ద్వారా బీసీజీ టీకా ఇచ్చారు. ప్రయోగశాలలో అందులో తీవ్రమైన క్షయక్రిమి కలిసిపోయింది. 72 మంది క్షయతో మరణించారు. తక్కినవారిలో చాలామంది జబ్బుపడి కోలుకున్నారు. క్రిమి చేరిన తేదీ తెలియడం వల్ల వ్యాధి గమనాన్ని రోజుల లెక్కన గుర్తించగలిగారు. కొన్ని రచనలు దీనిని అనుకోకుండా జరిగిన ప్రయోగంగా పేర్కొంటాయి. ఆ మాట సమంజసంగా తోచదు. తల్లులు అంగీకరించినది రక్షణకే గాని ప్రయోగానికి కాదు. 1948లో స్వీడన్ బాలవైద్యుడు ఆర్విడ్ వాల్‌గ్రెన్ బాలల క్షయకు కాలపట్టిక కూర్చాడు: మెదడు పొరల వాపు సోకిన తొలి నెలలలో, ఎముకల క్షయ ఏడాది తరువాత. చేతిపై వాపు ఎప్పుడు తేలిందో తెలిస్తే దేనికోసం కనిపెట్టుకుని ఉండాలో ఆ పట్టిక చెప్పేది.

ఆ 1948లోనే మన దేశంలో బీసీజీ కార్యక్రమం మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం 1915 నుండి క్షయరోగులకు ఆశ్రయం. ముందు ట్యుబర్క్యులిన్ పరీక్ష, వాపు రానివారికే టీకా – ఇదీ అప్పటి క్రమం. అలా వియన్నా గీటు తెలుగు పిల్లల చేతుల మీదికి వచ్చింది. అయితే టీకా పొందిన చేతిలో కూడా వాపు రావచ్చు. అది క్రిమి ముద్రో టీకా ముద్రో తేల్చడం కష్టమైంది. రక్షణ విస్తరించిన కొద్దీ గుర్తు తన పదును కోల్పోయిందన్నమాట.

జన్యుపదార్థాన్ని గుర్తించే నేటి పరీక్షలు పిల్లల మలంలోనూ క్రిమి జాడ తీయగలవు. మ్యూనియే గొట్టం అవసరం అంతమేరకు తగ్గింది. అయినా ఫలితం ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేరు. అందుకే 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు, పదేళ్ళలోపు పిల్లలకు క్రిమి దొరకకున్నా లక్షణాలను, ఎక్స్‌రేను కలిపి చూసి చికిత్స ఆరంభించే పద్ధతిని సూచించాయి. బిడ్డ బరువు పెరుగుతోందా, జ్వరం, దగ్గు వారాల తరబడి విడవడం లేదా అన్నవాటితో పాటు అందులో అడగవలసిన మరొక ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అన్నది.