నాన్‌కింగ్ హోటలు, దేవలీ రైలు

మన ధర్మపురిలో తోపుడుబండి దగ్గర గోబీ మంచూరియన్ తింటూ మనవడు అడిగాడు, "తాతా, చైనావాళ్ళు ఇదే తింటారా?" అని. ఇది మన దేశంలో పుట్టిందిరా అన్నాను. కాంటన్ వంటలో కారం తక్కువ. చేపని ఆవిరి మీద ఉడికించి అల్లం, ఉల్లికాడలు వేస్తారు. ఆ వంటకి కలకత్తాలో పేరు తెచ్చింది టిరెట్టా బజారు నాన్‌కింగ్ హోటలు. 1920లలో పెట్టారు, టూంగ్ ఆన్ గుడి కింది అంతస్తులో. పైన దేవుడు, కింద విందు! సినిమా తారలూ వచ్చేవారట.

ఇక్కడి చైనావాళ్ళకి చెడ్డకాలం 1962 యుద్ధంతో వచ్చింది. సుమారు 3,000 మందిని, ఎక్కువగా అస్సాం, డార్జిలింగ్ వైపు వాళ్ళని, రాజస్థాన్ దేవలీ శిబిరంలో పెట్టారు. రైళ్ళలోనే తీసుకెళ్ళారు. రైల్వే ఉప్పు తిన్నవాణ్ణి, ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. ఆఖరివాళ్ళు బయటపడింది 1967లో.

"మరి వాళ్ళ ఇళ్ళు?" అన్నాడు మనవడు.

చాలావరకు వేలం వేసేశారు.