మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: కణ విభజన, విభేదనాల నియంత్రణ

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువులు. వీటి నుంచి ప్రోటీన్లు తయారుకావు. ఇతర జన్యువుల నుంచి తయారయ్యే ప్రోటీన్ల మోతాదును ఇవి తగ్గిస్తాయి. కణం ఎంతకాలం విభజన చెందాలో, ఎప్పుడు విభజన మాని కండర కణంగానో నాడీ కణంగానో మారాలో నిర్ణయించడంలో వీటికి ముఖ్య పాత్ర ఉంది. ఇలా ప్రత్యేక కణంగా మారడమే విభేదనం.

ఆవిష్కరణ

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ప్రయోగశాలలు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే సూక్ష్మ నులిపురుగులో లిన్-4 అనే తొలి మైక్రో ఆర్‌ఎన్‌ఏను, అది లిన్-14 జన్యువును అణిచే తీరును వెల్లడించాయి. లిన్-4 లోపించిన పురుగుల్లో కణాలు తొలి డింభక దశ విభజనలనే మళ్లీ మళ్లీ జరుపుతాయి. 2000లో గుర్తించిన లెట్-7 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏ మనిషితో సహా అనేక జంతువుల్లో ఉందని తేలింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

పనిచేసే విధానం

మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట పొడవాటి అణువుగా పుడుతుంది. దాన్ని కేంద్రకంలో డ్రోషా, కణద్రవ్యంలో డైసర్ అనే ఎంజైములు కత్తిరిస్తాయి. తుది రూపం ఆర్గోనాట్ ప్రోటీన్‌తో కలిసి, తన వరుసలోని 2 నుంచి 8వ న్యూక్లియోటైడ్ల ఆధారంగా తగిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏతో జతకడుతుంది. దాంతో ఆ మెసెంజర్ నుంచి ప్రోటీన్ తయారీ మందగిస్తుంది, లేదా మెసెంజరే విచ్ఛిన్నమవుతుంది. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల జన్యువులపై పనిచేయగలదు. అనేక ప్రోటీన్లు కలిసి నడిపే కణ చక్రాన్ని (విభజన దశల క్రమాన్ని) అది ప్రభావితం చేయగలగడానికి కారణం ఇదే.

కణ విభజన

లెట్-7 విభజనను ప్రేరేపించే రాస్, సీడీకే6, సీడీసీ25ఏ ప్రోటీన్లను తగ్గిస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 ప్రోటీన్ మిర్-34 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉత్పత్తిని పెంచుతుంది. మిర్-34 సీడీకే4, సీడీకే6లను అణిచి కణ చక్రాన్ని నిలుపుతుంది. మిర్-17-92 సముదాయం ఇందుకు భిన్నం. మిక్ ప్రోటీన్ ప్రేరణతో పెరిగే ఈ సముదాయం, విభజనను అడ్డుకునే పీ21 వంటి ప్రోటీన్లను తగ్గిస్తుంది.

విభేదనం

పిండ మూల కణాల్లో లిన్28 ప్రోటీన్ లెట్-7 తయారీని అడ్డుకుంటుంది. విభేదనం మొదలయ్యాక లిన్28 తగ్గి లెట్-7 పెరుగుతుంది. అది తిరిగి లిన్28నే అణుస్తుంది. ఈ పరస్పర నిరోధం వల్ల కణం మళ్లీ మూల కణ స్థితికి జారిపోదు. మిర్-145 మూల కణ స్వభావాన్ని నిలిపే ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4లను తగ్గిస్తుంది. కండరాల్లో మిర్-1 హెచ్‌డాక్4ను అణిచి విభేదనాన్ని, మిర్-133 ఎస్ఆర్ఎఫ్‌ను అణిచి విభజనను ప్రోత్సహిస్తాయి. నాడీ కణాలు రూపొందడానికి మిర్-124 తోడ్పడుతుంది.

నియంత్రణ తప్పితే

దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా రోగుల్లో చాలామందికి 13వ క్రోమోజోములోని మిర్-15ఏ, మిర్-16-1 జన్యువులు లోపించడమో తగ్గడమో జరుగుతుందని 2002లో కనుగొన్నారు. ఇవి తగ్గితే కణ మరణాన్ని ఆపే బీసీఎల్2 ప్రోటీన్ పెరిగి, చనిపోవలసిన కణాలు బతికి పోగుపడతాయి.