ఆకాశమున త్రోవ వెదకు యంత్రములు

రాత్రివేళ రేడియో ముల్లు త్రిప్పుచున్నప్పుడు, ఒక కేంద్రపు పాటపై వేరొక కేంద్రపు మాటలు వచ్చి పడుట శ్రోతల కందరికిని అనుభవమే. రెండును ఒకే త్రోవలో ఎదురుపడుటయే దానికి కారణము. నిస్తంత్రీ వార్తల చరిత్రములో పెద్ద భాగము ఈ చిక్కును విప్పుటకు మానవుడు చేసిన యత్నముల చరిత్రమే. నేడు ఇండ్లలోను, కళాశాలలలోను, రైలు స్టేషనులలోను వైఫైని పంచిపెట్టు యాక్సెస్ పాయింట్లకు వచ్చిన చిక్కును ఇదియే. దానిని విప్పు పని యిప్పుడు తనంత తాను నేర్చుకొను యంత్రమునకు అప్పగింపబడుచున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చినదో కొంచెము వెనుకకు పోయి చూతము.

మొదటి ఉపాయము అనుమతి. 1912లో టైటానిక్ నౌక మునిగిన పిమ్మట, ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము రేడియో శాసనము చేసి, ప్రసారము చేయదలచినవారు లైసెన్సు పొందవలెనని విధించెను. మన దేశమున ఒకప్పుడు వినుటకు సైతము లైసెన్సు కావలసియుండెడిది. తపాలా కార్యాలయములో రుసుము చెల్లించిన రోజులు పెద్దలకు జ్ఞాపకముండును. ఈ పద్ధతిలో నెమ్మది కలదు. కాని చిన్నవారికి చోటు తక్కువ.

రెండవ ఉపాయము హవాయి ద్వీపములలో పుట్టినది. 1971లో అచ్చటి విశ్వవిద్యాలయమున నార్మన్ ఎబ్రామ్సన్ బృందము అలోహానెట్ అను ఏర్పాటును నడపెను. వేర్వేరు ద్వీపములలోని టెర్మినళ్లు ఓహూ ద్వీపమునందలి కంప్యూటరుతో రేడియో ద్వారా సంభాషించెడివి. నియమము మిక్కిలి సులభము: పంపవలసిన మాట యున్నవారు పంపవచ్చును, రెండు మాటలు ఢీకొన్నచో ఎవరికి తోచినంత సేపు వారాగి మరల పంపవలెను. కాని, త్రోవకు గల శక్తిలో నూటికి 18 పాళ్లకు మించి యిట్లు వినియోగింప వీలుకాదని లెక్కలో తేలెను. కాలమును సమఖండములు చేసి, ఖండారంభముననే పంపవలెనని 1972లో లారెన్స్ రాబర్ట్స్ సూచించెను. దానితో అది సుమారు 37 పాళ్ల కెక్కెను.

ఆ మార్గముననే తరువాతి కథ నడచినది. 1985లో అమెరికా ప్రభుత్వము కొన్ని తరంగముల పట్టీలను లైసెన్సు లేకయే వాడుకొన నిచ్చెను. 1997లో వైఫైకి మూలమైన 802.11 ప్రమాణము వెలువడెను. 2005 జనవరిలో మన దేశమునను 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో స్వల్పశక్తి పరికరములకు లైసెన్సు తీసివేయబడెను. ఈ ప్రమాణములో హవాయి నియమమునకు ఒక మర్యాద చేరినది: మాటాడుటకు ముందు వినవలెను, ఇతరులు మాటాడుచున్నచో ఆగవలెను.

అయినను చోటు ఇరుకే. 2.4 పట్టీలో ఒకదాని నొకటి తాకక నడచు ఛానెళ్లు సాధారణముగా మూడు: 1, 6, 11. వంటింటి మైక్రోవేవ్ పొయ్యియు ఆ పట్టీలోనే సద్దు చేయును. ఒక వసతిగృహములో 20 యాక్సెస్ పాయింట్లున్నవనుకొందము. ఒక్కొక్కదానికి మూడింటిలో ఒక ఛానెలును కేటాయించు విధములు 348 కోట్లకు పైబడును. ఇంజనీరు పరికరము చేత బట్టి గది గదికి తిరిగి నిర్ణయించినను, సాయంకాలమునకు తలుపులు మూయబడును, మనుష్యులు చోటు మారుదురు, ప్రక్క యింట క్రొత్త పెట్టె వెలయును. ఉదయపు నిర్ణయము రాత్రికి పనికిరాదు.

ఇచ్చటనే నేర్చుకొను యంత్రమునకు ప్రవేశము కలిగినది. 1959లో ఆర్థర్ శామ్యూల్ చెకర్స్ ఆటను అనుభవముచే నేర్చుకొను కంప్యూటరును గూర్చి వ్రాసిన వ్యాసము ఈ శాస్త్రమునకు పేరు తెచ్చినది. అంతకు ముందే, 1933లో విలియం థాంప్సన్ వేరొక ప్రశ్న వేసియుండెను: రెండు చికిత్సలలో ఏది మేలో తెలియనప్పుడు, రోగులకు నష్టము తక్కువగునట్లు దానిని తెలిసికొనుట ఎట్లు? సంతలో సరుకు కొనువాడు మంచి దుకాణమునకే తరచుగా పోవును; కాని అప్పుడప్పుడు ఇతర దుకాణములను గూడ చూచి వచ్చును. యాక్సెస్ పాయింటు సైతము ఒక్కొక్క ఛానెలును వాడి, ఎంత సమాచారము చేరినదో కొలిచి, మేలైన దానిని ఎక్కువగాను తక్కిన వానిని అరుదుగాను పరీక్షించును.

ఇందు రెండు అపాయములు కలవు. ఇరుగు పొరుగు పాయింట్లు రెండును ఒకేసారి నేర్చుకొన మొదలిడినచో, రెండును ఒకటవ ఛానెలును విడిచి ఆరవదానికి చేరును. అచ్చటను ఢీకొని మరల కలిసి వెనుకకు వచ్చును. అందుచే పలుచోట్ల అన్నింటిని ఒక కేంద్రము నుండి నడపుదురు. లేదా మార్పులను నెమ్మదింపజేయుదురు.

రెండవది ఇంకను పెద్దది. మొత్తము సమాచారమును పెంచుమని మాత్రమే యంత్రమునకు చెప్పితిమనుకొందము. పాయింటు చెంతనున్న విద్యార్థికి క్షణములో 50 పాళ్లు, చివరి గది విద్యార్థికి ఒక పాలు అందుచున్నచో, కాలమంతయు మొదటివానికే యిచ్చుట లెక్కకు లాభము. చివరి గదివాని పాఠము ఆగిపోవును. యంత్రము తప్పు చేయలేదు. మనము చెప్పిన దానినే చేసినది. 1998లో ఫ్రాంక్ కెల్లీయు సహచరులును వివరించిన అనుపాత న్యాయము దీనికొక విరుగుడు. అందు ఎవరి వృద్ధి వారి పూర్వస్థితితో పోల్చి కొలువబడును. ఒక పాలు గలవానికి అది రెండగుట, 50 గలవానికి 100 అగుటతో సమానము. ఆ కొలత నిచ్చినచో యంత్రము చివరి గదికిని వంతు పెట్టును.

కావున ఏ వసతిగృహమునందైనను, గ్రంథాలయమునందైనను ఇట్టి యంత్రమును నెలకొల్పునప్పుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇది దేనిని లాభమని లెక్కించుచున్నది? లైసెన్సు తీసివేసినది చిన్నవారికి చోటు దొరకుటకే గదా. ఆ చోటు వారికి నిలుచునా లేదా అనునది యంత్రమునకు మనమిచ్చు కొలతను బట్టి యుండును.