పనికి వీసా ఉంది, కాపురానికి లేదు: గల్ఫు తొవ్వలో దళిత ఆలుమగలు

నిజామాబాద్ నుంచి వచ్చే తొవ్వ మేడ్చల్ మీదుగా, కరీంనగర్ నుంచి వచ్చే తొవ్వ శామీర్‌పేట మీదుగా పట్నంలకు దిగుతయి. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫుకు పోయినోళ్లు ఈ రెండు తొవ్వల్లోనే విమానం ఎక్కడానికి వచ్చిండ్రు. 2008 మార్చి దాకా బేగంపేటకు, ఆ తర్వాత శంషాబాద్‌కు. ఇప్పుడు శంషాబాద్‌ల దిగిన శవపేటికలు కూడా అవుటర్ రింగురోడ్డు మీద వచ్చి మేడ్చల్ దగ్గరో శామీర్‌పేట దగ్గరో ఊరి దారి పడుతున్నయి. పోయిన మనిషి గురించి, పంపిన పైసల గురించి, వచ్చిన పెట్టె గురించి మనవాళ్లు అంతో ఇంతో రాసిండ్రు. ఆ మధ్యలో గడిచిన కాపురం గురించి రాసింది తక్కువ. ఆలుమగలను పదేండ్లు, ఇరవై ఏండ్లు వేరు చేసి ఉంచింది దూరం ఒక్కటే కాదు. కాగితాలు కూడా. ఏ కాగితం ఎవరికి ఎందుకు దొరకలేదో చూడటమే ఈ వ్యాసం పని.

మా ఇంట్ల మేము మొదటి తరం చదువుకున్నోళ్లం. అందుకని మా వాడల ఉత్తరాలు మాతోని రాయించేవాళ్లు. పదేండ్ల వయసుల, అరుగు మీద కూసొని, దుబాయిల ఉన్న మొగునికి చిన్నమ్మ చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్లం. బియ్యం ముచ్చట, అప్పు ముచ్చట, పిల్లల జ్వరాలు చెప్పేది. ఆ తర్వాత ఆగిపోయేది. "ఇగ చాలు బిడ్డా, మిగతాది రాసేది కాదు" అనేది. ఆ మిగతాదే కాపురం. అది పిల్లగాని చేత రాయించేది కాదు. తర్వాత టేపు క్యాసెట్లు వచ్చినయి, ఎస్టీడీ బూతులు వచ్చినయి, ఇప్పుడు వీడియో కాల్ వచ్చింది. మొఖం కనబడుతున్నది. కానీ మనిషి ఎప్పుడొస్తడన్నది అప్పుడూ ఇప్పుడూ వాళ్లిద్దరి చేతిల లేదు.

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణల ఒక మాట ఉంది. మన వలస చరిత్ర అంతా ఆ మూడు మాటల్లో ఉన్నది. బొంబాయి కట్టడానికి పోయిన తెలంగాణ కామాటీల పేరు మీదనే అక్కడ కామాటిపుర వెలిసింది. సింగరేణి బొగ్గుబాయిల చుట్టూ కార్మిక వాడలు లేచినయి. ఆ రెండు చోట్లా కష్టం ఉన్నది, అంటరానితనం ఉన్నది. అయినా మొగడు పోయిన చోటికి పెండ్లాం మూట గట్టుకొని పోవచ్చు. గుడిసె వేసుకుంటే ఆపే చట్టం లేదు. మూడోదైన దుబాయి దగ్గరనే చట్టం వచ్చి ఇద్దరి నడుమ నిలబడ్డది.

ఇది కొత్తది కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి పోయిన ట్రూరో అనే ఓడ మొదటి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చేర్చింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు పోయిన వేలమందిలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్లున్నరు, వాళ్లలో మాల మాదిగలున్నరు. ఓడ రిజిస్టర్లలో పేరు పక్కన కులం కూడా రాసుకున్నరు. ఒప్పందం తీరినంక అక్కడే ఉండాలనుకునేవాళ్ల మీద మనిషికి ఏటా మూడు పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేసిండ్రు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు జడ్జి సియర్ల్ ఇంకో తీర్పు ఇచ్చిండు. ఒకరికంటే ఎక్కువ భార్యలను ఒప్పుకునే మతాచారం ప్రకారం జరిగిన పెండ్లి అక్కడి చట్టం ముందు పెండ్లి కాదన్నడు. అంటే భారతదేశం నుంచి వచ్చే భార్యకు భార్యగా దేశంలో అడుగు పెట్టే హక్కు పోయింది. ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగి జైళ్లకు పోయింది ఆ తీర్పు తర్వాతనే. 1914 చట్టం మూడు పౌండ్ల పన్ను ఎత్తేసింది, ఒక భార్యను ఒప్పుకున్నది. కూలి చేతులు కావాలి, కూలి కుటుంబం వద్దు అనే నీతి అప్పటిది. ఆడవాళ్లు కొట్లాడితే అది వంగుతదని కూడా అప్పుడే తేలింది.

1973లో చమురు ధరలు పెరిగినంక గల్ఫు దేశాలు కట్టడాలు మొదలు పెట్టినయి. మనుషులను తెచ్చుకున్న పద్ధతి పేరు కఫాలా. కఫీల్ అంటే జామీనుదారు. మనిషి దేశంలో ఉండే హక్కు ఆ కఫీల్‌తోని ముడివడి ఉంటది. పని వదిలితే అకామా పోతది. అకామా పోతే మనోళ్ల భాషలో 'ఖల్లివెల్లి' అయినట్టే. మన ఊళ్లల్లో జీతగాడు అప్పు తీరందే ఇంకో దొర దగ్గరికి పోరాదు. నిజాం సర్కారు 1936లో భాగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చినా ఆ కట్టు తెగలేదు. తాతలు జీతమున్న కట్టు ఎరిగిన వాడకు కఫీల్ పెత్తనం వింత అనిపించలేదు. ఈ మధ్య కొన్ని సడలింపులు వచ్చినయి. ఖతర్ 2020లో యజమాని మారడానికి పాత యజమాని అనుమతి అక్కర లేదన్నది. సౌదీ 2021 మార్చిలో ప్రైవేటు కంపెనీల పనివాళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ ఇండ్లల్ల పనిచేసేవాళ్లను అందులో కలపలేదు.

ఇగ పెండ్లాం పిల్లలను తెచ్చుకునే ముచ్చట. ఎమిరేట్స్ 2019 దాకా మనిషి వృత్తి ఏందని అడిగింది. 2019 నుంచి జీతం ఎంతని అడుగుతున్నది: 4,000 దిర్హములు, లేదా 3,000తో పాటు వసతి. కువైట్ 2024 జనవరిలో 800 దీనార్ల జీతంతో పాటు యూనివర్సిటీ డిగ్రీ కూడా ఉండాలన్నది, జూలైలో డిగ్రీ షరతు తీసేసింది. సౌదీ 2017 జూలై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరి మీద నెలకు 100 రియాళ్ల ఫీజు మొదలు పెట్టి 2020 నాటికి 400కు పెంచింది. ఈ అంకెలు చదివితే కులం మాట ఎక్కడా కనబడది. కానీ క్యాంపుల పండి ఎండల గోడ కట్టే మనిషికి ఇందులో ఏ ఒక్కటీ అందది. అదే దేశంలో ఇంజనీరు పెండ్లాంతోని ఫ్లాటుల ఉంటడు. మేస్త్రీ, హెల్పరు రెండేండ్లకో మూడేండ్లకో సెలవు దొరికితే వస్తరు. కొడుకు పుట్టినప్పుడు ఒకసారి, బడికి పోయేటప్పుడు ఒకసారి చూసిన తండ్రులు మన వాడల్లో ఉన్నరు.

పరాయి దేశపు చట్టాన్నే తప్పు పట్టి ఊకుంటే సరిపోదు. మన దేశపు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసు కానివాని పాస్‌పోర్టు ఇసిఆర్ పాస్‌పోర్టు. గల్ఫు వంటి దేశాలకు పనికి పోవాలంటే వానికి సర్కారు అనుమతి కావాలి. పదో తరగతి పాసైన వానికి అక్కర లేదు. రక్షణ కోసమే ఈ గీత గీసినమని చెప్తరు. పదో తరగతి దాకా ఎవరు చదివిండ్రు, ఎవరు బడి మానేసి పశులకాడికి పోయిండ్రు అని అడిగితే ఆ గీత ఎవరి వాడ మీదుగా పోయిందో తెలుస్తది. బడి ఇయ్యని రాజ్యమే బడి చదువు లేదని పాస్‌పోర్టు మీద రాసింది.

ఆడవాళ్ల మీద ఇంకో గీత ఉన్నది. ఇసిఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏండ్లలోపు ఆడమనిషిని ఆ దేశాలకు ఇంటిపనికి పోనియ్యొద్దని నియమం పెట్టిండ్రు. మగవానికి అట్లాంటి వయసు నియమం లేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయిన ఆడవాళ్లలో దళిత స్త్రీలు చాలామంది. సక్కగ పోనియ్యకపోతే విజిట్ వీసా మీద ఏజెంటు పంపిస్తడు. అప్పుడు ఆమె ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఇంటి దగ్గర మొగడు పిల్లలను సాదుతడు, ఆమె కఫీల్ పిల్లలను సాదుతది. ఇక్కడ ఊరు ఆమె శీలం లెక్క పెడతది, అక్కడ యజమాని పాస్‌పోర్టు దాచి పెడతడు.

ఇదే మేడ్చల్, శామీర్‌పేట తొవ్వల మీద ఇంజనీరింగు కాలేజీలు లేచినయి. అక్కడ చదివి అమెరికా పోయిన పిల్లగానికి హెచ్-1బి వస్తే భార్యకు హెచ్-4 వస్తది. ఆమెకూ కష్టముంది: 2015 దాకా హెచ్-4 మీద ఉన్న భార్య ఉద్యోగం చేయరాదు, ఇప్పుడు కూడా గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం నడిచినవాళ్ల భార్యలకే ఆ వీలుంది. ఆ బాధను మేము తక్కువ చేయం. కానీ ఆమె మొగనితోని ఒక కప్పు కింద ఉన్నది. జాతీయ మహిళా కమిషన్ 2009లో ఎన్ఆర్ఐ సెల్ తెరిచింది, ఎన్ఆర్ఐ పెండ్లిళ్ల మీద సెమినార్లు జరుగుతయి. 'ఎన్ఆర్ఐ భార్య' అన్న మాటల మా చిన్నమ్మ ఎందుకు గుర్తుకు రాదు?

1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో అంబేద్కర్, కులం పెండ్లి మీద నియంత్రణతోనే నిలబడుతదన్నడు. మొగడు చచ్చిన స్త్రీ కులం కట్టు దాటకుండ ఉండటానికి సతి, బలవంతపు వైధవ్యం పుట్టినయన్నడు. ఆ మాట రాసే నాటికి ఆయన రమాబాయికి మూడేండ్లుగా దూరంగ ఉన్నడు, బరోడా స్కాలర్‌షిప్పు మీద. గల్ఫు భార్యను చూస్తే ఆ వ్యాసం మళ్లా చదవాలనిపిస్తది. ఆమె మొగడు బతికే ఉన్నడు. కానీ పూలు పెట్టుకుంటే అడిగేటోళ్లున్నరు, ఫోను మాట్లాడితే అడిగేటోళ్లున్నరు. ఊరు కులం పేరు మీద, దేశాలు వీసా పేరు మీద ఎవరు ఎవరితోని బతకాలో నిర్ణయిస్తున్నయి.

తెలంగాణ సర్కారు 2024లో గల్ఫుల చనిపోయినోళ్ల కుటుంబానికి 5 లక్షల సాయం ఇస్తమని ఉత్తర్వు ఇచ్చింది. కొట్లాడి తెచ్చుకున్నది, మంచిదే. అది పెట్టె వచ్చినంక వచ్చే పైసలు. బతికున్న కాపురం కోసం ఏం అడుగుదాం? వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల మీద 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం 44వ అధికరణంలో కుటుంబం కలిసి ఉండే ముచ్చట ఉన్నది. గల్ఫు రాజ్యాలు దాన్ని ఒప్పుకోలేదు, మన దేశమూ ఒప్పుకోలేదు. మనం ఒప్పుకోకుండ వాళ్లను ఎట్ల అడుగుతం? ముందు ఢిల్లీని అడగాలి. ఏటా జీతంతోని సెలవు, రానుపోను టికెట్టు ఒప్పంద పత్రంలో రాయించాలని, ఆడవాళ్ల వయసు నిషేధం తీసి వాళ్ల ఒప్పందాలకు సర్కారు జామీను ఉండాలని దళిత సంఘాలు అడగాలి. గల్ఫు సమస్యను కార్మిక శాఖకు వదిలేసి మనం కుల సమస్య ఒక్కటే మాట్లాడితే మన వాడల సగం కాపురాలు మన రాజకీయాల బయటనే ఉంటయి.

చిన్నమ్మ రాయించని ముచ్చట ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరకది. మా తరం ఆడపిల్లలు ఇప్పుడు సొంతంగ రాయగలరు. ఆ చరిత్ర వాళ్లు రాస్తరు. మాది దానికి ముందుమాట మాత్రమే.